అనామతు

రువిలో రాత్రి పదకొండు.
కింద షవర్మా కొట్టువాడు షట్టరు సగం దించాడు.
పైన, పైపులూ కుళాయిలూ అమ్మే మా ఆఫీసులో
పదకొండేళ్ల చిట్టాని
కొత్త సాఫ్ట్‌వేర్‌కి తినిపిస్తున్నాను.

ముద్ద ముద్దకీ అడుగుతుంది.
ఈ నిలువు వరస ఏమిటి, తేదీయా?
03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా?
ఇది వివరమా? ఇది జమా, ఖర్చా?
అవతలి ఖాతా ఏది?

మొదటిసారి ఫైలు వెనక్కి కొట్టింది.
‘సిమెంటు, తెల్లది’ అని ఉన్నచోట
వాక్యం కామా దగ్గర విరిగి
తెలుపు వెళ్లి డబ్బుల గడిలో కూర్చుంది.

రెండోసారి మింగింది గానీ
తేడా చూపించింది: పది బైసాలు.
తయారుచేసినవాడి ఊళ్లో
చుక్క తర్వాత రెండంకెలే కాబోలు.
ఇక్కడ రియాలుకి వెయ్యి బైసాలు, మూడంకెలు.
ఆ మూడోదాన్ని చేటలో చెరిగి పారబోసింది.
‘నూకలకీ ఆవర్జాలో పేజీ ఉంటుందమ్మాయ్’ అనేవారు
తణుకు రైసుమిల్లులో నాకు పద్దు నేర్పిన సూరపరాజు గారు.
సెట్టింగుల్లోకి వెళ్లి
నూకలకి చోటు చేశాను.

ఖాజావలి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.
రాయచోటి మనిషి, డ్రైవరు.
నన్ను హమ్రియాలో దింపితే గానీ అతని రోజు ముగియదు.
‘డెబిట్ అంటే పోయిందనే కదక్కా?’
ఫోనులో బ్యాంకు మెసేజీ చూపించాడు.

అది బ్యాంకువాడి పుస్తకం, ఖాజా.
నీ డబ్బు వాడికి అప్పు.
నువ్వు తీసుకుంటే వాడి అప్పు తగ్గింది, అందుకని డెబిట్.
మన పుస్తకంలో నగదుకి డెబిట్ అంటే చేతికొచ్చింది.
మాట ఒకటే.
కౌంటరుకి ఏ పక్క నిలబడ్డావో చూసుకోవాలి.

కాసేపు ఆలోచించి
‘మా పాత కఫీల్ కూడా అంతే’ అన్నాడు.

మూడోసారి అన్నీ ఎక్కాయి, ఒక్కటి తప్ప.
2017 ఆగస్టు పన్నెండు.
నగదులోంచి పోయింది
ముప్పై ఏడు రియాలు, ఐదొందల బైసాలు.
వివరం ఖాళీ. అవతలి ఖాతా ఖాళీ.
పాత రిజిస్టరు తెరిస్తే కురియకోస్ గారి నీలం సిరా,
ఒంటికాలి మీద నిలబడిన పద్దు.
ఆ తర్వాత ఏటా, సంవత్సరాంతపు పేజీలో
అదే తేడా, దాని చుట్టూ పెన్సిలు సున్నా.

‘అది లచ్చన్న పన్ను’ అన్నాడు ఖాజావలి.
‘పన్నా? అప్పటికి ఇక్కడ వ్యాట్ లేదే!’
‘ఆ పన్ను కాదక్కా. నోట్లో పన్ను.’

గోడౌన్ లచ్చన్న దవడ వాచి
కన్ను పూడుకుపోయిన రోజట.
డబ్బు కడితేనే కుర్చీ ఎక్కమన్నాడట క్లినిక్కువాడు.
సేఠు సొరుగు లాగి నోట్లు తీసి
రాయొద్దన్నాడట.

నగదు తగ్గింది గనక
కురియకోస్ ఒక పక్క రాశాడు.
మాటిచ్చాడు గనక
రెండో పక్క వదిలేశాడు.
ఆ తర్వాత కొట్టాయం వెళ్లిపోయాడు.

తెర మాత్రం ఎర్రగా అడుగుతూనే ఉంది.
జీతం అడ్వాన్సు అంటే లచ్చన్న బాకీదారవుతాడు,
పన్ను ఊడి ఇన్నేళ్లయ్యాక.
సేఠు సొంతవాడకం అంటే
అదే నిజం, కానీ రాయొద్దన్న నిజం.

జాబితా అడుగున ఇంకొకటుంది. సస్పెన్స్ అంటారు,
డిటెక్టివ్ నవలకి పెట్టినట్టు.
సూరపరాజు గారి మాట అనామతు.
ఎవరిదో తేలేదాకా
డబ్బు చెప్పులు విప్పి కూర్చునే వసారా.
అందులో వేశాను.

వివరం లేకుండా కదలనంది.
రెండక్షరాలు కొట్టాను: పన్ను.

సరితూగింది.
చివరి అంకె దాకా, నూకలతో సహా.

ఆడిటరుకి తెలుగు రాదు.
అడిగితే అర్థం చెబుతాను.
రెండింట్లో ఏది చెబుతానో
ఆ రోజు చూద్దాం.
ఖాజావలి తాళాలు ఆడిస్తున్నాడు.